వీపుతో దారి చూసిన సరంగు

ముప్ఫై ఒక్క ఏళ్లపాటు బాబాయి తాను ఎటు పోతున్నాడో చూడకుండానే పోయాడు, ఏనాడూ దారి తప్పలేదు. ఎటు పోతున్నాడో చూడమన్న రోజునే తప్పిపోయాడు.

ఇందులో వింతేమీ లేదు. రెండు తెడ్ల పడవ లాగేవాడు వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటాడు. బలం నడుములోంచి రావాలంటే అదే పద్ధతి. ప్రయాణికులు ముందుకి చూస్తూ కూర్చుంటారు. అతను వాళ్ల మొహాల్లోకి చూస్తూ, వాళ్ల భుజాల మీదుగా వదిలి వచ్చిన నీళ్లను చూస్తూ లాగుతాడు. పది లాగుళ్లకోసారి మెడ తిప్పి, ఎదురుగా ఇంకో పడవేమైనా వస్తోందేమో ఒక్క క్షణం చూసి, మళ్లీ వెనక్కి తిరిగిపోతాడు. అందుకని మా ఏడు చెరువులూ, వాటిని కలిపే పదకొండు కాలువలూ బాబాయికి వెనక నుంచి మాత్రమే తెలుసు. మనం ఒక చోటికి చేరుకుంటే, అతను ఒక చోటిని వదిలిపెడతాడు. "పంపుహౌసు అగ్గిపెట్టంత అయ్యేదాకా తిన్నగా లాగు. అగ్గిపెట్టంత కాగానే కుడిచేత్తో పది లాగుళ్లు ఎక్కువ వెయ్యి," ఇదీ అతని లెక్క. మూడో చెరువులో ఒక గుండ్రాయి ఉంది. అది కోడిగుడ్డంత అవగానే ఎడమచేత్తో. జమ్ము పెరిగి ప్రతి కాలువా పక్క కాలువకి కవలపిల్లలా కనిపించే ఆ నీళ్లలో పెద్దచుట్టు తెలిసినవాడు బాబాయి ఒక్కడే.

పెద్దచుట్టు అంటే ఏడు చెరువులూ చుట్టి వచ్చే రోజంతటి షికారు. దాన్ని ఎప్పుడూ ఒక వరసలోనే తిరగాలి. ఏడో చెరువు ఎత్తులో ఉంది, రేవు ఉన్న మొదటి చెరువు పల్లంలో ఉంది. మధ్యలో ఒక లాకు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, నీళ్లు దించి, ముందు తలుపులు తెరుస్తారు. సాయంత్రం అయిదు గంటలకి లాకు మూసేస్తారు. అయిదు దాటితే పై చెరువులోనే తెల్లవార్లూ దోమలకి విందు.

అలా ఉండగా షికారు పడవలు నడిపే మా ఆఫీసువాళ్లు ఒక లాంచీ కొన్నారు. తెల్లది, నలభై సీట్లది, నీలం రంగు పైకప్పుది. ముందు ఒక అద్దం, అద్దం వెనక ఒక స్టీరింగు, దాని వెనక ముందుకి తిరిగి ఉన్న ఒక కుర్చీ. నెలాఖరుకి తెడ్ల పడవలన్నీ ఒడ్డుకి లాగేస్తామన్నారు. లాంచీ నడపడానికి సరంగు కావాలి, పెద్దచుట్టు తెలిసినవాడు బాబాయే. అయితే లాంచీల ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి కూర్చుంటే ఒక్క రోజులో పెద్దచుట్టు తిప్పి, లాకు మూసేలోపు రేవుకి తేవాలి. తెస్తే ఉద్యోగం. తేలేకపోతే వేరే ఊరి నుంచి సరంగుని రప్పిస్తారు, బాబాయికి టికెట్ల గదిలో స్టూలు ఇస్తారు.

ఆ స్టూలు పక్క స్టూలు నాదే. బాబాయి ఒకరోజు దాన్ని చూసిపోవడానికి వచ్చాడు. కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. కిటికీలోంచి చూశాడు.

"ఇందులోంచి నీళ్లు కనపడవేంట్రా?"

"రోడ్డు వైపు కిటికీ, బాబాయ్. టికెట్లు కొనేవాళ్లు అటు నుంచే కదా వచ్చేది?"

"మరి గాలి?"

"ఫ్యాను ఉంది. తిరగదు."

లేచి వెళ్లిపోయాడు. టికెట్ల గదిలో కూర్చోవడం కంటే కాలువలో పడిపోవడం నయమని ఆ రోజు పిన్నితో అన్నాడట. పిన్ని కూరగాయలు తరుగుతూనే, "పడినా మీరు ఈదుకుంటూ వచ్చేస్తారు. ఏం ఉపయోగం? వెళ్లి ఆ లాంచీ నేర్చుకోండి," అందట.

నేర్చుకోవడం మొదలైంది. ఇంజను చూసుకోవడానికి బాబాయి బావమరిదిని పెట్టారు. అతను మోటారు మెకానిక్కు. చెరువులంటే అంతగా తెలియదు, ఇంజనులంటే ప్రాణం. మొదటిరోజు బాబాయి కుర్చీలో కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. లాంచీ కదిలింది. అయిదు నిమిషాలు గడిచాయి.

"ఒరేయ్," అన్నాడు బాబాయి, గొంతు తగ్గించి. "ఇదేం ఊర్రా?"

"అదేంటి బావా, మన మొదటి చెరువే కదా!"

"నేనెప్పుడూ చూళ్లేదే!"

నిజంగానే చూడలేదు. అతను చూసినవన్నీ చిన్నవవుతూ దూరమయ్యేవి. ఇప్పుడు అన్నీ పెద్దవవుతూ మీదికొస్తున్నాయి. పంపుహౌసుకి వెనక తలుపు ఉందని ముప్ఫై ఒక్క ఏళ్లుగా తెలుసు, ముందు వైపు మెట్లున్నాయని ఆ పూటే తెలిసింది. దాన్ని చూసి ఎవరో కొత్త పంపుహౌసు కట్టారనుకుని ఆగిపోయాడు. ఆ రోజు రెండు చెరువుల చిన్నచుట్టులో లాంచీ ఎన్నిసార్లు గిరగిరా తిరిగిందంటే, వెనక వస్తున్న బాతులు ఒడ్డెక్కి కాసేపు పక్కకి ఒరిగి నడిచాయి. కావాలంటే బాతుల్నే అడగండి.

సంగతి విని పిన్ని ఒక ఉపాయం చెప్పింది. స్నానాల గదిలో గోడకి ఉన్న అద్దం పీకి తెచ్చి చేతిలో పెట్టింది.

"దీన్ని స్టీరింగు ముందు కట్టుకోండి. ఎదురుగా చూస్తున్నట్టు ఉంటుంది, వెనకవన్నీ కనిపిస్తాయి."

"నీ బుర్రే బుర్ర!" అన్నాడు బాబాయి.

మర్నాడు అద్దం కట్టారు. అద్దంలో పంపుహౌసు ముచ్చటగా చిన్నదవుతూ వెనక్కి పోయింది. బాబాయి మొహం వెలిగింది. అంతలోనే ఆరిపోయింది. వెనక్కి తిరిగి కూర్చుంటే పంపుహౌసు తన ఎడమచేతి పక్క ఉండాలి. అద్దంలో అది కుడిచేతి పక్క ఉంది. చెయ్యి చూసుకున్నాడు, అద్దం చూశాడు, మళ్లీ చెయ్యి చూసుకున్నాడు. ఏ చేతిని నమ్మాలో తెలియక రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసేశాడు. లాంచీ తన ఇష్టం వచ్చినట్టు వెళ్లి సరిగ్గా మా టికెట్ల గది వెనక గోడకి ముక్కు ఆనించి ఆగింది. నేను బయటికి వచ్చి చూసేసరికి బాబాయి అద్దంలో తన మొహంతో ఏదో తగువు పెట్టుకుంటున్నాడు.

అద్దం మళ్లీ స్నానాల గదికి వెళ్లిపోయింది.

అదే సమయంలో మా మేనేజరు గారు ఇంకో పని చేశారు. షికారు దారుల పుస్తకం వేయించారు. మంచి కాగితం, రంగు బొమ్మలు, చిన్నచుట్టు, నడిమిచుట్టు, పెద్దచుట్టు, ఏ చెరువులో ఏ పక్క ఏముందో, ఎక్కడ ఎటు తిరగాలో అన్నీ. ఎవరు చెప్పాలి? బాబాయే. ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చుని మూడు టీలు తాగారు. ఇతను చెప్పాడు, ఆయన రాశారు. "పంపుహౌసు ఎడమ పక్క. అక్కడ కుడిచేత్తో లాగాలి." ఇలా ఏడు చెరువులు.

మేనేజరు గారు జాగ్రత్త మనిషి. అచ్చుకి ఇచ్చేముందు తెడ్ల పడవలో పంపుహౌసు దాకా వెళ్లి చూశారు. అది తన కుడి పక్క ఉంది.

"బాబాయి గారూ! మీరు వెనక్కి కూర్చుంటారు కదా! మీ ఎడమ మా కుడి! పట్టేశాను!"

అంత సంతోషం ఆయన మొహంలో నేను మళ్లీ చూడలేదు. ఆఫీసుకి పరిగెత్తుకొచ్చి పుస్తకంలో ఎక్కడెక్కడ ఎడమ ఉందో అక్కడ కుడి, ఎక్కడెక్కడ కుడి ఉందో అక్కడ ఎడమ పెట్టేశారు. పంపుహౌసులూ, రాళ్లూ, చెట్లూ అన్నీ చక్కగా తమ తమ పక్కలకి చేరాయి. కానీ ఆయన మలుపులు కూడా మార్చేశారు. తెడ్డు సంగతి వేరు. వెనక్కి తిరిగి కూర్చున్నవాడు కుడిచేత్తో గట్టిగా లాగితే, పడవ ముందుకి చూసేవాళ్లకి కూడా కుడికే తిరుగుతుంది. నమ్మకం లేకపోతే కాగితం మీద పడవ గీసుకుని చూడండి. నేనూ మూడోసారి గీశాకే నమ్మాను. అంటే మలుపులు ముందే సరిగ్గా ఉన్నాయి. వాటిని ఆయన దిద్ది చెడగొట్టారు. ఆ పుస్తకంలో ఇక ప్రతి వస్తువూ సరైన చోటే ఉంది, ప్రతి మలుపూ తప్పే. ఇదంతా మాకు అర్థమైంది తరవాత. అప్పటికి రెండు వేల ప్రతులు అచ్చయిపోయాయి.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఇన్‌స్పెక్టర్ గారు సన్నటి మనిషి. గొడుగు, కళ్లజోడు, చేతిలో మేనేజరు గారి పుస్తకం. కాగితాలు మోయడానికి నన్ను కూడా ఎక్కించారు. పిన్ని రేవు దాకా వచ్చి రొట్టెల పొట్లం ఇచ్చి, తమ్ముడితో, "ఒరేయ్, మీ బావ కంగారుపడితే మంచినీళ్లు ఇవ్వు. సలహాలు ఇవ్వకు," అంది.

తొమ్మిదింటికి బయల్దేరాం. మొదటి రెండు చెరువులూ ఎలాగో దాటాం. నేర్చుకున్న పది రోజులూ బాబాయి వాటినే మొహం వైపు నుంచి కంఠస్థం చేశాడు. మూడో చెరువు చివర రెండు కాలువలు. బాబాయి తల గోక్కుని స్టీరింగు ఎడమకి తిప్పబోయాడు.

"ఆగండి," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. "పుస్తకంలో కుడి అని ఉంది."

"ఎడమ అనుకుంటానండి."

"అనుకుంటారా? తెలుసా?"

అదే ప్రశ్న నెల కిందట అడిగి ఉంటే తెలుసనేవాడు. ఇప్పుడు చేతులవంక చూసుకున్నాడు.

"పుస్తకం ఎవరు చెప్తే రాశారు?" అని అడిగారు ఇన్‌స్పెక్టర్ గారు.

"నేనేనండి."

"మరింకేం!"

తను చెప్పిన మాటకి తానే ఎదురు చెప్పడం ఎలాగో తెలియక బాబాయి కుడికి తిప్పాడు. ఆ కాలువ జమ్ములోకి వెళ్లి, మెలికలు తిరిగి, మళ్లీ మూడో చెరువులోకే తెచ్చి వదిలింది. ఎదురుగా గుండ్రాయి. దాని మీద ఒక నీటికాకి రెక్క చాపి ఆరబెట్టుకుంటోంది. మళ్లీ ప్రయత్నించాం. పుస్తకం ఒకటి చెప్పింది, బాబాయి ఒకటి అనుకున్నాడు, ఇద్దరికీ మధ్యగా బావమరిది ఇంకోటి సూచించాడు. మళ్లీ గుండ్రాయి.

"ఈ పక్షిని ఇందాక చూశాం," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

"ఇది వేరే పక్షండి."

"అదే రాయి."

"రాళ్లు చాలా ఉంటాయండి."

"ఇందాక కుడి రెక్క ఆరబెట్టుకుంటోంది."

"ఇప్పుడు ఎడమ రెక్క కదండీ! అందుకే వేరే పక్షంటున్నా."

"ఎవరి ఎడమ?" అన్నాడు బావమరిది. అక్క చెప్పిన మాట మర్చిపోయి.

బాబాయి అతనివైపు చూసిన చూపుకి ఇంజను ఆగిపోయి ఉండాల్సింది. కానీ ఇంజను ఆపింది బాబాయే. మూడో ప్రయత్నానికీ అదే రాయి ఎదురుపడ్డాక తాళం తిప్పేసి, స్టీరింగు వదిలి లేచాడు. అప్పటికి మధ్యాహ్నం పన్నెండున్నర. ఇంకా నాలుగు చెరువులూ, లాకూ ఉన్నాయి.

"అయ్యా, నాకు దారి తెలుసండి," అన్నాడు. "ఒట్టు. ఒళ్లంతా తెలుసు. కళ్లకే తెలీదు."

ఇన్‌స్పెక్టర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ మాటని ఏ గడిలో రాయాలో ఆయనకి అర్థం కానట్టుంది. "కాసేపు కూర్చోండి," అన్నారు మెల్లిగా. ఆ మెల్లిదనం కోపం కంటే చెడ్డదని మా అందరికీ తెలిసిపోయింది.

బాబాయి లాంచీ చివరికి నడిచి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి బల్ల మీద కూలబడ్డాడు. నేను మంచినీళ్ల సీసా ఇచ్చాను. తాగలేదు. లాంచీ ఏ ఇంజనూ లేకుండా, గాలికి నెమ్మదిగా రాయి నుంచి దూరంగా జరుగుతోంది. రాయి గుమ్మడికాయంత అయింది. కొబ్బరికాయంత అయింది. బాబాయి మెడ నిటారుగా లేచింది.

"ఒరేయ్," అన్నాడు. "ఇది నా గుండ్రాయే!"

"పొద్దున్నుంచీ అదే కదా బావా చూస్తున్నాం!"

"నువ్వు చూస్తున్నావు. నేనిప్పుడు చూశాను. ఇంజను వెయ్యి. కోడిగుడ్డంత కాగానే చెప్తా. స్టీరింగు నువ్వు పట్టుకో."

బావమరిది ఇన్‌స్పెక్టర్ గారి వంక చూశాడు. ఆయన పుస్తకం వంక చూశారు. పుస్తకానికి ఏమీ తోచలేదు. లాంచీ కదిలింది.

రాయి కోడిగుడ్డంత అయింది. "ఎడమ!" అని అరిచాడు బాబాయి.

"నీ ఎడమా నా ఎడమా?"

"ఎడమచేత్తో లాగు!"

"నా దగ్గర తెడ్డు ఎక్కడుంది బావా!"

"అయితే కుడి! కాదు, ఆగు, నీకు..."

లాంచీ ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఊగి జమ్ములో ముక్కు గుచ్చుకుంది. ఇంజను మోతలో సగం మాటలు వినబడవు, వినబడ్డ సగం అర్థం కావు. ఇన్‌స్పెక్టర్ గారి గొడుగు నీళ్లలో పడింది. దాన్ని నేను తీశాను. బాబాయి విసురుగా లేచి వచ్చి, బావమరిది కుర్చీకున్న వీపు చెక్కని ఒక్క లాగుకి ఊడదీశాడు. ఒక బల్ల తెచ్చి కుర్చీకి ఆనించి వేశాడు. వెనక్కి తిరిగి కూర్చుని, తన వీపుని బావమరిది వీపుకి అతికించాడు.

"ఇక నోరు మూసుకో. నేనూ మూసుకుంటా. నీ భుజం ఎటు తిరిగితే చక్రం అటు తిప్పు. అంతే."

జమ్ములోంచి వెనక్కి తీసి మళ్లీ రాయి దగ్గర నుంచి మొదలెట్టారు. బాబాయి రెండు చేతులూ ముందుకి చాపి, లేని తెడ్లు పట్టుకున్నాడు. లేని తెడ్లని లాగడం మొదలెట్టాడు. నడుము వంగుతోంది, లేస్తోంది. రాయి కోడిగుడ్డంత అవగానే ఎడమచేత్తో గట్టిగా లాగి వెనక్కి వాలాడు. అతని ఎడమ భుజం బావమరిది కుడి భుజాన్ని ముందుకి తోసింది. తోసేసరికి అతని ఒళ్లు దానంతటదే ఎడమకి తిరిగింది, ఒంటితోపాటు చేతులూ, చేతులతోపాటు చక్రమూ. లాంచీ వెన్నలో కత్తిలా కాలువలోకి దూరింది. అది మేమెవరమూ పొద్దున్నుంచీ చూడని కాలువ.

నాలుగో చెరువు. అయిదు. ఆరు. బావమరిది కళ్లు ముందుకి పెట్టి ఎదురొచ్చే పడవల్ని తప్పించాడు, దారి మాత్రం వీపుతో విన్నాడు. బాబాయి కళ్లు అరమోడ్చి లేని నీళ్లని లేని తెడ్లతో కోస్తున్నాడు. చెమట పట్టింది. నిజంగా లాగినవాడికి పట్టినంత పట్టింది. ఆ రోజు లాంచీ అంత వేగంగా పోవడానికి ఇంజను కారణమని బావమరిది ఇప్పటికీ అంటాడు. నాకు అనుమానమే. డీజిలు కొలత వేస్తే సగం కూడా ఖర్చు కాలేదు.

ఇన్‌స్పెక్టర్ గారు మొదట పుస్తకంలో మలుపులు చూసుకుంటూ ఒక్కోదానికీ అడ్డగీత పెట్టారు. ఆరో చెరువు దాకా వచ్చేసరికి ప్రతి మలుపుకీ అడ్డగీతే. అప్పుడాయన పుస్తకాన్ని తిరగేసి పట్టుకున్నారు, మళ్లీ తిన్నగా పట్టుకున్నారు, చివరికి దాని మీద కూర్చున్నారు.

అయిదుకి అయిదు నిమిషాలుండగా లాకు కనిపించింది. మాకు కనిపించింది, బాబాయికి కాదు. లాకు మనిషి తలుపు తిప్పే చక్రం మీద చేతులు వేసి ఉన్నాడు. లాంచీ అతనికి కొత్త. ఆపేద్దామనుకున్నాడట. అంతలో స్టీరింగు దగ్గరున్న మనిషి తల పక్క నుంచి ఇంకో మెడ, ఇంకో వీపు ముక్కా కనపడ్డాయి.

"బాబాయ్! నువ్వేనా?" అని కేకేశాడు. "ముందున్న మొహాన్ని చూసి ఎవరో అనుకున్నా. వీపు చూశాక గుర్తుపట్టా! రా, రా, లోపలికి రా!"

రేవుకి చేరాం. పిన్ని అక్కడే నిలబడి ఉంది. భర్తా తమ్ముడూ వీపూ వీపూ అతికించుకుని కూర్చుని ఉండటం చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ఏమైంది వీళ్లకి? తగువు పడ్డారా?" అని నన్నడిగింది.

ఇన్‌స్పెక్టర్ గారు పరీక్ష కాగితం బయటికి తీశారు. 'చక్రం పట్టిన వ్యక్తి' అని ఒక గడి. బాబాయి పేరు రాయబోయి ఆగారు. బాబాయి చక్రం పట్టలేదు. బావమరిది పేరు రాయబోయి ఆగారు. 'దారి పూర్తిగా తెలుసా?' అని పక్క గడి. అతనికి తెలియదు.

"ఇందులో ఒక్కరికే చోటుందండీ," అన్నారు అయోమయంగా. "మీరు ఒకటిన్నర మనుషులు."

"అందులో సగం ఎవరండీ?" అన్నాడు బావమరిది.

ఇన్‌స్పెక్టర్ గారు కాగితం తిప్పారు. వెనక పేజీలో లాంచీలో ఉండాల్సిన సామాన్ల జాబితా ఉంది. లంగరు, ఉంది. తాళ్లు, ఉన్నాయి. లైఫ్ జాకెట్లు, నలభై. దిక్సూచి... ఆయన తల ఎత్తి చూశారు. దిక్సూచి కొనడం ఆఫీసువాళ్లు మర్చిపోయారు. అప్పుడే రేవుకి వచ్చిన మేనేజరు గారు మెల్లగా పిన్ని వెనక్కి జరిగారు. ఇన్‌స్పెక్టర్ గారు బాబాయిని ఎగాదిగా చూసి, చక్రం గడిలో బావమరిది పేరు రాశారు. దిక్సూచి గడిలో 'ఉంది' అని రాశారు. పక్కన చిన్నక్షరాలతో, 'తీసివేయరాదు. ఎల్లప్పుడూ వెనక్కి తిప్పి ఉంచవలెను' అని రాసి సంతకం పెట్టారు.

బాబాయి ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఒకసారి నా చేత చదివించుకున్నాడు. తరవాత ఇన్‌స్పెక్టర్ గారి వెనకాలే మెట్ల దాకా వెళ్లాడు.

"అయ్యా, ఇంతకీ నేను పాసయ్యానా, ఫెయిలయ్యానా?"

"అది నాకూ తెలీదండి," అన్నారాయన, తడిసిన గొడుగు దులుపుకుంటూ. "రేపు తొమ్మిదింటికి లాంచీ ఎక్కండి. అది మాత్రం తెలుసు."

బాబాయి వెనక్కి వచ్చాడు. పిన్ని ఆత్రంగా ఎదురొచ్చింది.

"ఏమండీ, ఏం ఉద్యోగం ఇచ్చారు?"

బాబాయి లాంచీ వైపు చెయ్యి చూపించాడు.

"సామాను," అన్నాడు.